మా టౌన్ రోడ్ల విభాగం డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

డైరెక్టర్ గారూ, నమస్కారం.

మన రోడ్ల మీద మంచు తీయడం, గుంతలు పూడ్చడం గురించి మీకు ఇంగ్లీషులో మెయిల్ చేశాను. మా వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే, వాళ్లూ చదివి టౌన్ మీటింగుకి వస్తారని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

మంచు పడితే ముందు పెద్ద రోడ్లు, ఆసుపత్రి దారులు శుభ్రం చేయాలి, మా వీధులు ఆ తర్వాతే, అది న్యాయమే, రాత్రంతా నిద్ర మానుకుని ప్లౌ, అంటే మంచు తోసే బండి, నడిపే డ్రైవర్ల మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. కానీ మొన్న మా వీధికి బండి వచ్చేసరికి రెండో రోజు సాయంత్రమైంది, అప్పటికే కార్లు తొక్కి తొక్కి మంచు గాజుపలకలా గట్టిపడింది. దాని మీద ఉప్పు చల్లితే ఏం లాభం? మైనస్ 9 డిగ్రీలు దాటి చలి పెరిగితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదని మీకూ తెలుసు. మంచు పడకముందే రోడ్డు మీద ఉప్పునీళ్లు కొడితే మంచు దానికి అంత గట్టిగా అంటుకోదు, ఉప్పూ తక్కువ పడుతుంది, వాగులో కలిసేదీ తగ్గుతుంది.

ఇంకోటి. ప్లౌ వెళ్లాక డ్రైవ్‌వే ముందు మోకాలెత్తు మంచు గట్టు మిగులుతుంది. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు, డెబ్బై ఏళ్ల మనిషి, నేను ఆఫీసుకి వెళ్లాక పార పట్టుకుని దాన్ని తవ్వుతుంటే ఎదురింటావిడ చూసి ఫోన్ చేసింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పెద్దవాళ్లున్న ఇళ్ల దగ్గరైనా ఆ గట్టు తీయించండి.

గుంతల సంగతి కూడా. పగుళ్లలో దిగిన నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి రోడ్డుని చీలుస్తాయి, అందుకే పగుళ్లు చలికాలానికి ముందే పూడ్చాలి. స్కూల్ బస్సు ఆగే మలుపులో పోయినేడు పూడ్చిన గుంత మళ్లీ నోరు తెరిచింది, ముందు అది చూడండి.