‘తక్కువ’ అంటే ఎవరికంటే తక్కువ?

సంపాదక మహాశయా,

కంటి స్కాన్‌తో మతిమరుపు జబ్బును, గుండెజబ్బును ముందే పట్టేయవచ్చంటూ ఈమధ్య తరచూ వార్తలు చూస్తున్నాను. కంటి లోపల వెనకనుండే పొర రెటీనాకు ఫొటోలు తీయడమే ఉద్యోగంగా ఏళ్లు గడిపి రిటైరైనదాన్ని. ఇప్పుడు నేనూ పెద్దల జాబితాలోకే వస్తాను. జబ్బుపడినవాళ్ల కంట్లో రక్తనాళాలు తగ్గాయని రాస్తున్నారు, బాగానే ఉంది. ఏ జబ్బూ లేని డెబ్బై ఏళ్లవాళ్ల కంట్లో ఎన్ని ఉండాలో మాత్రం ఎక్కడా కనిపించదు.

ఆ లెక్క ఇన్నాళ్లూ లేకపోవడానికి కారణం ఉంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కంటిలోపలి నాళాలు వివరంగా చూడాలంటే చేతి నరంలోకి ఫ్లోరెసిన్ డై ఎక్కించాల్సిందే. 1961లో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు అమెరికన్లు ప్రచురించిన పద్ధతి అది. కాసేపు ఒళ్లు పచ్చబడేది, మూత్రం నారింజ రంగులో వచ్చేది, కొందరికి వాంతులయ్యేవి. ఎప్పుడో ఒకరికి ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ కూడా వచ్చేది. హాయిగా తిరుగుతున్న పెద్దాయన్ని పిలిచి, ఊరికే లెక్క కోసం ఆ సూది వేయించుకోమని ఎలా అడుగుతాం? అందుకే మా దగ్గర పోగుపడిన చిత్రాలన్నీ రోగులవే.

2015 ప్రాంతంలో వాడకంలోకి వచ్చిన ఓసీటీ యాంజియోగ్రఫీ అనే కంటి స్కాన్‌కి సూదీ లేదు, డై లేదు. ఒకే చోటును వెంటవెంటనే కాంతితో స్కాన్ చేసి పోలుస్తుంది. కణజాలం కదలదు, రక్తకణాలు కదులుతాయి. తేడా వచ్చిన చోటల్లా రక్తం పారుతున్నట్టు. సన్నటి కేశనాళికలు సైతం పొరలు పొరలుగా తెర మీదికి వస్తాయి. సరిగ్గా చూపు నిలిచే చోట, నాళాలే లేని ఖాళీ ఒకటి ఉంటుంది, సుమారు అర మిల్లీమీటరు వెడల్పున. ఆరోగ్యవంతుల్లోనే అది ఒకరికి చిన్నగా, మరొకరికి బాగా పెద్దగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ నాళాల సాంద్రత ఎంతోకొంత తగ్గడమూ మామూలే.

పెద్దవాళ్ల కంటిని స్కాన్ చేయడం అంత తేలిక కాదు. గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించి, ఎదురుగా కనిపించే గుర్తునే చూడమంటాం. ఆరిపోయిన కన్ను మండుతుంది. రెప్ప పడితే చిత్రంలో నల్ల పట్టీ, కన్ను అదిరితే తెల్ల గీత. “అయిపోయిందామ్మా?” అని అడగడానికి నోరు తెరిస్తే గడ్డం కదిలిపోయి మళ్లీ మొదటికొస్తుంది. నేనైతే కన్నీటి చుక్కల మందు వేసి, రెండుమూడుసార్లు రెప్పలు ఆడించమని, ఆ తడి ఆరకముందే తీసేసేదాన్ని.

కన్ను ఎంత నిలకడగా ఉన్నా, శుక్లం ఉంటే కాంతి సరిగ్గా లోపలికి పోదు. చిత్రం మసకబారుతుంది, మెషీన్‌కు సన్న నాళాలు కనబడవు, సాంద్రత తక్కువని అంకె వస్తుంది. ఒకావిడ రిపోర్టులో అలాగే వచ్చింది. అప్పటికే ఇలాంటి వార్తలు చదివి ఉన్న కొడుకు, అమ్మకు మతిమరుపు మొదలవుతోందేమోనని ఒకటే టెన్షన్. ఆవిడేమో మనవల ఫోన్ నంబర్లన్నీ కంఠతా చెబుతోంది! శుక్లం ఆపరేషన్ తర్వాత మళ్లీ తీస్తే అంకె పెరిగింది. కొత్త నాళాలేం మొలవలేదు, అడ్డం తొలగింది, అంతే.

ఇంకో చిక్కు, ‘ఆరోగ్యవంతులు’ అని ఎవర్ని అనాలి? బీపీ, షుగర్ ఏవీ లేనివాళ్లనే ఏరుకుంటే, బీపీ మాత్ర వేసుకుంటూ చలాకీగా ఉన్నవాళ్లంతా తేడాగా కనిపిస్తారు. అందర్నీ కలిపేస్తే నిజంగా జబ్బు మొదలైనవాళ్లు ఆ గుంపులో దాక్కుంటారు. ఏ జబ్బూ లేనివాళ్లను, మాత్రలతో చలాకీగా ఉన్నవాళ్లను విడివిడిగా లెక్కగట్టాలని నా అభిప్రాయం. ఒక కంపెనీ మెషీన్ ఇచ్చిన అంకెను ఇంకో కంపెనీ మెషీన్ అంకెతో నేరుగా పోల్చడమూ కుదరదు.

కాబట్టి ఇలాంటి వార్త వేసేటప్పుడు మూడు విషయాలు కనుక్కుని రాయమని మీ విలేకరులకు నా మనవి. పోలికకు తీసుకున్న ఆరోగ్యవంతుల్లో అరవై అయిదు దాటినవాళ్లు ఎందరు, స్కాన్ల నాణ్యత ఎలా చూశారు, శుక్లం ఉన్నవాళ్లను ఏంచేశారు.

నా ఈడువాళ్లకూ ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు కావాలని పరిశోధకులు పిలిస్తే వెళ్లండి. స్కాన్ నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, ఎండ భరించలేరు. నల్ల కళ్లద్దాలు పెట్టుకెళ్లండి, బండి నడపడానికి ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రెటీనా ఫొటోగ్రాఫర్