పందుల జబ్బంటే దోమకాటు ఒక్కటే కాదు

సంపాదకుడు గారికి,

వానాకాలం మొదలయ్యేసరికి పందులను ఊరి వెలుపలికి తోలించాలన్న కోరిక మన గోదావరి డెల్టాలో వినిపిస్తూనే ఉంటుంది. వరిచేలల్లో పెరిగే క్యూలెక్స్ దోమలు పందుల నుంచి జపనీస్ మెదడువాపు వైరస్‌ను మనుషులకు చేరవేస్తాయి కనుక ఆ కోరికలో న్యాయం లేకపోలేదు. కానీ దోమతో నిమిత్తం లేకుండా పంది నుంచి నేరుగా మనిషికి సోకే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఒకటి ఉంది. దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

దానికి కారణమైన స్ట్రెప్టోకాకస్ సుయిస్ అనే బాక్టీరియా ఆరోగ్యంగా కనిపించే పంది ముక్కులోను, టాన్సిల్స్‌లోను కూడా ఉండవచ్చు. చేతి గాయం ద్వారానో, సరిగా ఉడకని మాంసం ద్వారానో మనిషికి సోకుతుంది. 2005లో చైనాలోని సిచువాన్‌లో 200 మందికి పైగా దీని బారిన పడగా సుమారు 40 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది జబ్బుపడిన, చనిపోయిన పందులను తామే కోసిన రైతులు. వియత్నాంలో పచ్చి పంది రక్తం తినే అలవాటు కూడా దీనికి ఒక దారి. మాంసం బాగా ఉడికితే గాని ముట్టని మన ప్రాంతంలో తినేవారి కంటే కోసేవారికే ముప్పు ఎక్కువని నా అభిప్రాయం. ఆదివారం తెల్లవారుజామున మురుగుకాలువ గట్టున మొద్దు మీద పంది తలకాయ కొట్టే మనిషిని గమనించండి: తెగిన వేలికి చుట్టుకున్న గుడ్డపీలిక నెత్తుటితో నానిపోయి ఉంటుంది, చేతులు కడుక్కోవడానికి ఆ కాలువ నీళ్లే దిక్కు.

జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం దీని లక్షణాలు. బతికి బయటపడినవారిలో చాలామందికి వినికిడి శాశ్వతంగా పోతుంది. జపనీస్ మెదడువాపుకు టీకా ఉంది గాని వైరస్‌ను చంపే మందు లేదు. స్ట్రెప్టోకాకస్ సుయిస్‌కు మనుషులకు వేసే టీకా లేదు గాని పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులు సకాలంలో పడితే నయమవుతుంది. అందువల్ల రెంటినీ ఒకే గాటన కట్టకుండా, వెన్నులోంచి నీరు తీసి కల్చర్ పరీక్షకు (అందులోని బాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు) పంపడం, రోగి చేసే పని ఏమిటో వైద్యులు తప్పక అడగడం అవసరం.

పందులను తరిమేసినా వాటిని కోసే చేతులు మరోచోట కోస్తూనే ఉంటాయి. పెంపకందారులను దోషులుగా చూడడం మాని, పంచాయతీలు మాంసం కోసే చోట కుళాయి, సబ్బు, రబ్బరు తొడుగులు సమకూర్చాలి. కోతకు ముందు పశువైద్యుల తనిఖీ జరగాలి. చచ్చిన పందిని కాలువలో పడేయకుండా, కోసి అమ్మకుండా లోతుగా పూడ్చిపెట్టించే బాధ్యతను కూడా పంచాయతీలే తీసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు ప్రాంతం