ఓకే కథ

ఒరేయ్ మామా,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఆఫీసులో ఆడిట్, ఊపిరాడలేదు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. చెల్లి సంబంధం ఓకే అయింది, పెళ్లి మాఘంలో. మిగతా కబుర్లు తర్వాత. ఇది చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

"ఓకే అయింది" అని రాశాను చూడు, ఆ ఓకే ఎక్కడ పుట్టిందో తెలుసా? అమెరికాలో, ఒక పేపరువాళ్ల సరదాలో! 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అచ్చయింది. అప్పట్లో అక్కడి పత్రికలవాళ్లు మాటల్ని కావాలనే తప్పు స్పెల్లింగుతో రాసి, మొదటి అక్షరాలు మాత్రం వేసేవాళ్లట. 'ఆల్ కరెక్ట్' కాస్తా 'ఓల్ కొరెక్ట్' (oll korrect) అయి, ఓ, కే మిగిలాయి. చదివేవాళ్లకు అర్థం కావాలి కదా, పక్కనే 'ఆల్ కరెక్ట్' అని కూడా వేశారు. మన పులిహోర మాస్టారు చూసి ఉంటే బెత్తం విరిగేది!

అలాంటి పొట్టిమాటలు అప్పుడు బోలెడు. 'ఆల్ రైట్'ని 'oll wright' చేసి ఓ, డబ్ల్యూ అనేవాళ్లు. అవన్నీ పోయాయి, ఇదొక్కటే నిలిచింది. 1840 ఎన్నికల పుణ్యం. ప్రెసిడెంట్ వాన్ బ్యూరెన్ సొంతూరు కిండర్‌హుక్. ఆయన్ని ఓల్డ్ కిండర్‌హుక్ అనేవాళ్లు, అదీ ఓ, కేనే! మద్దతుదారులు ఓకే క్లబ్బులు పెట్టేశారు. ఆయన హారిసన్ చేతిలో ఓడిపోయాడు గానీ మాట ఊరూరా పాకిపోయింది. ఇదంతా తవ్వి తీసింది ఆలెన్ వాకర్ రీడ్ అనే కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్, 1960ల్లో. ఆ ఓపికకు దండం పెట్టాలిరా.

అప్పట్నించీ ఎవరు ఓకే అన్నా చెవి అటే పోతోంది. సినిమా ఎలా ఉందంటే "ఆఁ, ఓకే" అంటే అంతంతమాత్రమే. "ఓకేనా?" అంటే కుశలం అడగడం. "ఓకే ఓకే" అని రెండుసార్లంటే ఇక ఆపమని. నాన్న ఫోన్ పెట్టేసే ముందు "ఓకే నాన్నా, ఉంటా" అనేవాడు, గుర్తుందా? నీతో కూడా అంతే అనేవాడు. ఆ మాట మీద ఎంత మనసు పెట్టేవాడో ఇప్పుడు... సరే, అది ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఇంకా టెలిగ్రాఫ్ సంగతి ఉంది. సందేశం అందిందని చెప్పడానికి ఆపరేటర్లు ఈ రెండక్షరాలే కొట్టేవాళ్లు, దాంతో రైల్వేల్లో... అయ్యో, కింద ఆటో వచ్చేసింది, అమ్మ పిలుస్తోంది. పెళ్లికి వారం ముందే రా. మూడో గేటు ప్రోగ్రాం ఖాయం.

నీ
మామ