హైతీ లేని హక్కుల చరిత్ర

సంపాదకులకు నమస్కారం.

మానవ హక్కుల దినం సందర్భంగా డిసెంబర్ 10న మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. మాగ్నా కార్టా, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, ఫ్రెంచి విప్లవం, 1948 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన అన్నీ ఉన్నాయి. కరీబియన్ సముద్రంలోని హైతీ దేశం పేరు ఎక్కడా లేదు. ఈ లోటు మీ ఒక్కరిదే అనను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని ఏటా బోర్డు మీద రాశాను. ఫ్రెంచి విప్లవం నాటికి ఫ్రాన్సు వలస సెయింట్ డొమింగ్‌లో, అంటే నేటి హైతీలో, ఐదు లక్షల మంది దాకా ఆఫ్రికన్లు బానిసలుగా చెరకు, కాఫీ తోటల్లో నలిగిపోతున్నారని ఒక్క ఏడాది కూడా పిల్లలకు చెప్పలేదు. నాకే తెలియదు. రిటైరయ్యాక చదువుకుని బాధపడ్డాను.

మనుషులు స్వేచ్ఛగా, సమాన హక్కులతో పుడతారని 1789 ఆగస్టులో పారిస్‌లో రాసుకున్నారు. తోటల యజమానుల లెక్కలో ఆ మనుషుల్లో నల్లవాళ్లు లేరు. 1791 ఆగస్టులో బానిసలు చెరకు తోటలకు నిప్పుపెట్టి తిరగబడ్డారు. రెండేళ్లకు అక్కడి ఫ్రెంచి అధికారులు వాళ్లకు విముక్తి ప్రకటించక తప్పలేదు. 1794 ఫిబ్రవరి 4న పారిస్ సభ బానిసత్వాన్ని రద్దు చేసిన రోజున జాన్ బాప్తిస్త్ బెలే అనే ప్రతినిధి ఆ సభలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఒకప్పుడు బానిస. పాఠాల్లో మాత్రం ఆ రద్దు పారిస్ పెట్టిన భిక్షలా కనిపిస్తుంది.

1802లో నెపోలియన్ బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడు. తిరుగుబాటు నాయకుడు టూసాన్ లూవెర్చూర్‌ను పట్టి తెచ్చి ఫ్రాన్సులో ఒక కొండకోటలో పెడితే, 1803 ఏప్రిల్‌లో ఆ చలిలోనే ప్రాణం వదిలాడు. పోరు ఆగలేదు. 1804 జనవరి 1న దెస్సలీన్ నాయకత్వంలో హైతీ స్వతంత్రమైంది. బానిసత్వం ఇక ఎన్నటికీ ఉండదని 1805లో తన రాజ్యాంగంలోనే రాసుకుంది. అమెరికాలో ఆ పని జరగడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. హైతీని ఒక దేశంగా గుర్తించడానికే అమెరికాకు 1862 దాకా మనసొప్పలేదు.

తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. 1825లో ఫ్రాన్సు రాజు పదవ చార్లెస్ యుద్ధనౌకలు పంపి, మిమ్మల్ని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టండన్నాడు. ఆ పరిహారం ఎవరికి? కొరడా దెబ్బలు తిన్నవాళ్లకు కాదు, తోటలూ బానిసలూ చేజారిన యజమానులకు! గెలిచి తెచ్చుకున్న స్వేచ్ఛకు మళ్లీ వెల కట్టించారు. మొదటి కంతుకే హైతీ పారిస్ బ్యాంకర్ల దగ్గర 3 కోట్లకు నోటు రాసింది. చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలే. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. అయినా వాటి కోసం చేసిన అప్పుల తాలూకు బాకీ తీరేసరికి 1947 అయింది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది! హైతీ ఎందుకింత పేదదని అడిగేవాళ్లు ముందు ఈ పద్దు చూడాలి. ఆ సొమ్ము తిరిగివ్వాలని 2003లో అధ్యక్షుడు అరిస్టీడ్ అడిగాడు. ఫ్రాన్సు ఇవ్వలేదు. 2025 ఏప్రిల్‌లో, సరిగ్గా రెండు వందల ఏళ్లకు, ఇరు దేశాల చరిత్రకారులతో కమిషన్ వేస్తామని అధ్యక్షుడు మాక్రాన్ ప్రకటించారు.

మీ పేజీలో 1948 ప్రకటన గురించి రాస్తూ దాని రచనలో పాలుపంచుకున్న మన దేశ ప్రతినిధి హంసా మెహతాను తలచుకున్నారు, సంతోషం. ఆ ముసాయిదాను పారిస్‌లో సర్వసభ్య సభ ముందుంచిన కమిటీ ప్రతినిధి ఎమిల్ సాన్‌లో కూడా హైతీ మనిషే. ఓటింగుకు దూరంగా ఉన్న దేశాల్లో దక్షిణాఫ్రికా ఒకటి.

వచ్చే డిసెంబర్ 10కి ముందే హైతీ మీద ఒక పూర్తి పేజీ వేయండి. పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు కూడా మీ పత్రిక ద్వారా ఇదే మనవి: ఫ్రెంచి విప్లవం పాఠంలో టూసాన్‌కు, బెలేకు రెండు పేరాలు కేటాయించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ