ఏరేసిన బత్తాయికి ఒక దారి చూపండి

సంపాదకులకు నమస్కారం.

బత్తాయి ధర పడిపోయినప్పుడల్లా నల్లగొండ జిల్లాకు జ్యూస్ ఫ్యాక్టరీ వస్తుందనే మాట మళ్లీ లేస్తుంది. ఎన్నికల ముందైతే ఇంకాస్త గట్టిగా వినపడుతుంది. రాష్ట్రంలో బత్తాయి అంటే ముందు మా జిల్లా పేరే చెప్తారు కాబట్టి ఆశపడటంలో తప్పు లేదు. కానీ చర్చంతా ఫ్యాక్టరీ ఎంత పెద్దది, ఏ నియోజకవర్గంలో పెడతారు అనేదాని మీదే నడుస్తోంది. బత్తాయి రసం నిల్వ ఉంచితే చేదెక్కుతుందనే సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. అది తేలకుండా ఎక్కడ ఏం కట్టినా గోడౌనే మిగులుతుంది.

మాది కనగల్ మండలం. తోట మా నాయన పెట్టింది. అప్పట్లో రైల్వే కోడూరు నుంచి లారీలో అంటు మొక్కలు తెప్పించి బాయి నీళ్ల మీద పెంచాడు. బాయి ఎండితే బోర్లు వేశాం, బోర్లు ఎండితే ట్యాంకర్లు తోలాం. చుట్టుపక్కల ఎంతోమంది చెట్లు కొట్టేసి పత్తి పెట్టుకున్నారు. 2003లో సూక్ష్మ సేద్యం పథకం వచ్చాక డ్రిప్ పైపులు పరిచి ఉన్న చెట్లను నిలబెట్టుకున్నాం. ఇప్పుడు నా కొడుకు, కోడలు చూసుకుంటున్నారు. లెక్కలన్నీ కోడలివే, నాకంటే పక్కాగా రాస్తుంది. ఇన్నేళ్లలో కాయకు ధర ఇంత అని మా ఇంట్లో ఎవరం చెప్పింది లేదు. వ్యాపారి చెప్తాడు, మేం తలూపుతాం.

కోత రోజు తోటకొచ్చి చూస్తే విషయం అర్థమవుతుంది. కూలీలు కోసి కుప్ప పోస్తారు. వ్యాపారి మనిషి కుప్ప పక్కన కూర్చుని ఏరుతుంటాడు. మంగునల్లి తగిలిన కాయ తొక్క గోధుమ రంగుకో, నలుపుకో తిరుగుతుంది. కోసి చూస్తే తొనలు మామూలే, రసం మామూలే, తీపిలో తేడా ఉండదు. అయినా అది పక్కకు పోవాల్సిందే, ఎందుకంటే ఢిల్లీలో తొక్క చూసి కొంటారట. చిన్న కాయా పక్కకే. ఇవి పోగా మిగిలిన దాంట్లో మళ్లీ తరుగు పేరుతో టన్నుకు ఇన్ని కిలోలని కోత. జిల్లాలో బత్తాయికంటూ మార్కెట్ కట్టినా బేరాలు మాత్రం ఇంకా ఎక్కువగా తోటల్లోనే నడుస్తున్నాయి. ఏరేసిన కాయను ఎవరైనా వచ్చి అడిగిన రేటుకు ఎత్తుకుపోతే సరి, లేకపోతే గట్ల మీద కుళ్లుతుంది. హైదరాబాద్‌లో జ్యూస్ బండి దగ్గర గ్లాసు ధర విన్నప్పుడల్లా కడుపు మండుతుంది. (బండి నడిపే ఆయన మీద కాదు లెండి, ఆయనకూ మిగిలేది అంతంతే.)

ఆపిల్ రైతులు ఈ చిక్కు నుంచి ఎప్పుడో కొంత బయటపడ్డారు. ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్‌లో పెర్సీ బుల్మర్ అనే కుర్రాడు 1887లో తండ్రి తోటలోని ఆపిళ్లు పిండి, పులియబెట్టి సైడర్ అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత అన్న కూడా వచ్చి కలిశాడు. ఆ ఇంటి వ్యాపారం పెద్ద కంపెనీ అయింది. అంత దూరం ఎందుకు, మన హిమాచల్‌నే చూడండి. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916 ప్రాంతంలో తమ దేశం నుంచి డెలీషియస్ రకం మొక్కలు తెప్పించి నాటాడు. చుట్టుపక్కల రైతులు ఆ దారే పట్టారు. 1974లో అక్కడి ప్రభుత్వం పండ్ల మార్కెటింగ్, ప్రాసెసింగ్ కోసం హెచ్‌పీఎంసీ అనే సంస్థ పెట్టింది, తర్వాత పర్వానూలో రసం తీసే ప్లాంటు వచ్చింది. వడగండ్లకు మచ్చపడ్డ కాయను, చిన్న కాయను ఒక ధర కట్టి సర్కారే కొంటుంది. 2023లో కిలోకు 12 రూపాయలు ఇచ్చారు. అది గొప్ప ధరేం కాదు, కానీ ఏరేసిన కాయకు కూడా ఒక రేటు ఉందని రైతుకు తెలుసు.

ఇక్కడే మన పండుకు, ఆపిల్‌కు తేడా వస్తుంది. ఆపిల్ రసం పులిసినా మన కల్లు లెక్క అదే ఒక సరుకు. బత్తాయికి ఆ సుఖం లేదు. మా కోడలు రసం బాటిళ్లలో పోసి నల్లగొండలో అమ్ముదామని చూసింది. పొద్దున పిండినప్పుడు తేనె, ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తాగితే నాలుక చివర చేదు. నిల్వ ఉంటుందని వేడి చేస్తే ఇంకా తొందరగా చేదెక్కింది. కారణం ఏమిటంటే, గింజల్లో, తొనల పొరల్లో రుచిలేని పదార్థం ఒకటి ఉంటుంది. పండు పిండగానే రసంలోని పులుపు తగిలి అది మెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో నేవల్ నారింజకూ ఇదే బాధ. అక్కడ రసాన్ని ఒక రకం రెజిన్ గుళికల గుండా పంపి చేదును లాగేస్తారు. ఇంకో ముచ్చట కూడా ఉంది. జంబేరి (ఒక మొరటు నిమ్మ రకం) వేరు మీద అంటు కట్టిన నేవల్ చెట్ల రసంలో చేదు ఎక్కువని ఆస్ట్రేలియాలో తేలింది. మా నాయన తెచ్చిన అంట్లు జంబేరి మీదవి, నేను తర్వాత వేసినవి రంగపూర్ నిమ్మ మీదవి. మా తోటలోనే రెండూ ఉన్నాయి. ఏ చెట్ల కాయ రసానికి పనికొస్తుందో మన దగ్గరే ఎవరైనా కొలిచి చెప్తే ఎంత బాగుండు!

చిన్న యూనిట్ పెట్టుకుందామంటే కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో 35 శాతం సబ్సిడీ పెట్టారు, గరిష్ఠంగా 10 లక్షలు. మా వాడు ఒక బ్యాంకుకు వెళ్తే, సరుకు ఎన్నాళ్లు నిల్వ ఉంటుందని అడిగారు. జవాబు లేక తిరిగొచ్చాడు. బ్యాంకు వాళ్లను తప్పు పట్టలేను, అడగాల్సిందే అడిగారు.

అందుకే ప్రభుత్వాన్ని కోరేది వందల కోట్ల ఫ్యాక్టరీ గురించి కాదు. ఒకే పెద్ద ఫ్యాక్టరీ వస్తే దాని గేటు దగ్గర కూడా ఇప్పటి వ్యాపారులే నిలబడతారని నా అనుమానం. రెండు మూడు ఊళ్ల రైతులు కలిసి నడుపుకునే చిన్న యూనిట్లు కావాలి. వాటికి ముందు చేదు తీసే పద్ధతి చేతికి రావాలి. ఏరేసిన కాయకు హిమాచల్‌లో లాగా సీజన్‌కు ముందే ఒక ధర ప్రకటించాలి. కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. ఈసారి కత్తెర కాయ (అసలు సీజన్ తర్వాత వచ్చే కాపు) దిగేలోపు అక్కడ ఒక చిన్న యంత్రం పెట్టి, రెజిన్‌తో చేదు తీసి చూపించి, లీటరుకు ఎంత ఖర్చయిందో రైతులకు చెప్పండి. కాయ మేమే తెస్తాం, ట్రాక్టర్ డీజిల్ కూడా మాదే.

ఇట్లు,
ఒక బత్తాయి రైతు,
కనగల్ మండలం, నల్లగొండ జిల్లా