ఐడియా పోటీల్లో లెక్క కట్టేదెవరు?

సంపాదకుడు గారికి,

పత్తికొండలో టమాటా ధర పడిపోయి రైతులు సరుకు రోడ్డు మీద పారబోసిన ప్రతిసారీ, ఆ తర్వాత మన కాలేజీల్లో జరిగే హ్యాకథాన్‌లో (ఐడియాల పోటీలో) ఒక సోలార్ డ్రైయర్, అంటే ఎండ వేడితో సరుకు ఎండబెట్టే పెట్టె, ప్రత్యక్షమవుతుంది. థర్మాకోల్ నమూనా, పది స్లైడ్లు, షీల్డు, ఫొటో. అంతటితో సరి. పిల్లలను తప్పు పట్టలేం. ఐడియాను ఎంచే పద్ధతే అలా ఉంది.

ఆ డ్రైయర్‌కే లెక్క కట్టి చూడండి. టమాటాలో 94 శాతం దాకా నీరే. నాలుగైదు బాక్సులు, అంటే 100 కిలోలు ఎండబెడితే చేతికొచ్చేది ఏడు కిలోల లోపే. మిగతా 93 కిలోల నీరు ఆవిరి కావడానికి కనీసం 62 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి కావాలి. మంచి ఎండ రోజున మన దగ్గర చదరపు మీటరుకు పడేది ఐదు, ఐదున్నర యూనిట్లు. అందులో మూడో వంతు సరుకుకు దక్కితే గొప్పే. ఒక్క రోజులో ఎండాలంటే 35 చదరపు మీటర్ల మేర ఎండ పట్టాలన్నమాట. బల్ల మీద పట్టే పెట్టె లారీ సరుకును ఏం చేస్తుంది? కాగితం మీద పది నిమిషాల్లో తేలే సంగతి ఇది. లెక్క చూశాక ప్రశ్నే మారుతుంది: ధర పడిన రోజున ఒక మహిళా సంఘం నాలుగు బాక్సులు ఎండబెట్టి అమ్ముకోగలదా? ఇది చేతికి అందే పని.

జడ్జీలు మార్కులు కూడే తీరులోనూ లోపముంది. కొత్తదనానికి 9, ప్రదర్శనకు 9, ఆచరణకు 2 వస్తే మొత్తం 20. ఒక్కోదానికి 6, 6, 7 తెచ్చుకున్న ఐడియా 19 దగ్గర ఆగి ఓడిపోతుంది. నడవని ఐడియాను మిగతా మార్కులు కప్పేస్తున్నాయి. కాబట్టి ముందు అవును, కాదు అని తేల్చే జల్లెడ పట్టాలి: భౌతికంగా సాధ్యమా, కొనేవాడున్నాడా, ఊళ్లో రిపేరు చేసేవాడున్నాడా. మార్కులు ఆ తర్వాతి మాట. జడ్జీల్లో ఒక మండీ వ్యాపారి, ఒక రైతు ఉండాలి. చర్చకు ముందే ఎవరి మార్కులు వారు రాసివ్వాలి, లేకుంటే పెద్దాయన మాటే అందరి మాట అవుతుంది.

ఐడియాలు పుట్టించే దగ్గరా ఇదే తంతు. ప్రిన్సిపాల్ గారి ఎదుట గుంపుగా కూర్చోబెట్టి ‘చెప్పండి’ అంటే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు వంతు కోసం చూస్తూ తమ ఆలోచన మరిచిపోతారు. విడివిడిగా ఆలోచించిన నలుగురి ఐడియాలు కలిపితే, నలుగురి గుంపు ఇచ్చిన వాటికంటే ఎక్కువ వస్తాయని 1958లోనే యేల్ యూనివర్సిటీ ప్రయోగంలో తేలింది. అందుకే ఇలా చేయాలి: ఆరుగురు కూర్చుని, ఐదు నిమిషాలకోసారి తలా మూడు ఐడియాలు రాసి, కాగితం పక్కవారికి ఇవ్వాలి. అరగంటలో 108 వస్తాయి. చాలావరకు పనికిరావు, ఫర్వాలేదు.

ఎంచిన ఐడియాకు డబ్బంతా ఒకేసారి ఇవ్వకూడదు. మొదటి విడతలో ఎక్కువ అనుమానమున్న ప్రశ్నకే జవాబు వెతకాలి. డ్రైయర్ విషయంలో ఆ ప్రశ్న కొనుగోలుదారే. ఇంట్లో ఎండబెట్టిన కిలో ముక్కలు హోటళ్లకు, మసాలా తయారీదారులకు చూపించి, ఏ ధరకు కొంటారో అడిగితే చాలు. పెట్టె కట్టడం రెండో విడత. ముక్క మందం 5 నుంచి 8 మిల్లీమీటర్లు, వేడి 55–60 డిగ్రీలు. తొందరపడి వేడి పెంచితే పైన పొర గట్టిపడి, లోపల తడి నిలిచి, బూజు పడుతుంది. రెండు రోజులు మబ్బు పట్టినా సరుకు పోతుంది. ఏ ఫలితం వస్తే పని ఆపేస్తామో ముందే రాసి పెట్టుకోవాలి.

ఇంకో మాట. ప్రదర్శనలో పెట్టాక పేటెంటుకు వెళ్తే కొత్తదనం పోయిందంటారు. విద్యార్థులు ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంటు దరఖాస్తు వేయాలి. ఆన్‌లైన్‌లో రుసుము 1,600 రూపాయలు, పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువు.

పోటీలు నడిపే జిల్లా అధికారులను, కాలేజీలను మేం కోరేది ఒక్కటే: తిరస్కరించిన ప్రతి ఐడియాకూ కారణం రెండు వాక్యాల్లో రాసి కాలేజీ లైబ్రరీలో పెట్టండి. వచ్చే ఏడాది జట్లు ఆ ఫైలు చదివాకే పేర్లు నమోదు చేసుకోవాలని నిబంధన పెట్టండి.

– కొందరు ఇంజినీరింగ్ అధ్యాపకులు, కర్నూలు