బోర్డుల పైకి చూపు: పాతబస్తీ ఫోటో నడక గురించి మీతో నాలుగు మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లలు పాతబస్తీ నడక పూర్తిచేసుకుని వచ్చారు. వాళ్లు తీసిన ఫోటోలు మెట్ల పక్క గోడకు అంటించాం. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చే రోజు కాస్త ముందే వచ్చి, నిలబడి తీరిగ్గా చూడండి. ఫీజులు, పరీక్షల టైమ్‌టేబుల్ వెనక పేజీలో ఉన్నాయి. ఈ ఉత్తరం మాత్రం నడక గురించే. ఎందుకంటే మీలో కొందరు ఫోన్ చేసి అడిగారు: "మేడమ్, ఇది సిలబస్‌లో ఉందా? మావాడు చార్మినార్ ఎన్నిసార్లో చూశాడు కదా!"

చూశాడు, నిజమే. కారు అద్దంలోంచి చూశాడు, రంజాన్ రద్దీలో మీ చెయ్యి పట్టుకుని చూశాడు. చార్మినార్ ముందు దిగిన ఫోటో లేని ఇల్లు మన ఊళ్లో తక్కువే. కానీ ఆ ఫోటోల్లో ముందు మన ముఖాలుంటాయి, కట్టడం ఎక్కడో వెనకాల ఉంటుంది. అందుకే పిల్లలకు రెండు షరతులు పెట్టాం. సెల్ఫీ వద్దు. ఉదయం మొత్తానికి ఒక్కొక్కరికి పన్నెండు ఫోటోలే. మొదట గొణిగారు. నయాపూల్ వంతెన దాటేసరికి ఆ పన్నెండు ఎక్కడ ఖర్చుపెట్టాలా అని ఆలోచించడం మొదలుపెట్టారు. నాకు కావలసింది ఆ ఆలోచనే. ఎన్నయినా తీసుకోవచ్చంటే కన్ను పని చేయదు, వేలొక్కటే పని చేస్తుంది.

బస్సు మూసీ దగ్గర ఆపి అక్కణ్ణుంచి నడిచాం. ఇటు ఒడ్డున హైకోర్టు, అటు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద గురించి పిల్లలు పాఠంలో చదివారు. ఇప్పటి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారన్న సంగతీ వాళ్లకు తెలుసు. కానీ ఈ రెండు పెద్ద కట్టడాలూ ఆ వరద తర్వాత లేచినవేనని, రెండింటిలోనూ విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్ట్ చేయి ఉందని నది మధ్యలో వంతెన మీద నిలబడి చెబితే అర్థమయ్యే తీరు వేరు. చేటంత పుస్తకంలో అది ఒక్క వాక్యం. వంతెన మీద మాత్రం రెండు పక్కలకూ తల తిప్పాల్సి వచ్చింది.

మదీనా కూడలి దాటాక పత్తర్‌గట్టీ. అక్కడ మా సోషల్ మాస్టారు ఒకే ఒక్క మాట చెప్పారు: "దుకాణం బోర్డు పైనుంచి చూడటం మొదలుపెట్టండి." కంటికి ఎదురుగా ఉన్నవన్నీ బట్టల కొట్లు, ఫ్లెక్సీలు, వేలాడే కరెంటు తీగలు. తల కొంచెం పైకెత్తితే వరసగా రాతి కమానులు, వాటి మీద కిటికీలు. వరద తర్వాత ఊరిని బాగుచేయడానికి 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన వరస అది. పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలతో ఇక్కడ పండగ బట్టలు కొనుక్కున్నవాళ్లే. అయినా ఆ కమానులు ఆ రోజే మొదటిసారి కనబడ్డాయన్నారు. గోడ మీద ఎక్కువ ఫోటోలు ఈ వీధివే ఉండటానికి కారణం అది.

ఆ పక్కనే బాద్‌షాహీ అషుర్‌ఖానా. మొహర్రంలో సంతాప సభలు జరిపే చోటు. ఈ నడక మొత్తంలో మీరు మళ్లీ ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లి చూపించాల్సింది ఇదేనని నా అభిప్రాయం. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలోనే మొదలైన కట్టడం. లోపలి గోడల నిండా నీలం, పసుపు, ఆకుపచ్చ మెరుగు పలకలు (టైల్స్), నాలుగు వందల ఏళ్లు దాటినా రంగు తగ్గలేదు. గోడకు దగ్గరగా వెళ్లి కింది భాగం చూడండి. ఒక ఎత్తు దాకా పలకలుండవు, పలకల్లాగే కనబడేలా వేసిన రంగుంటుంది. 1908 వరద నీళ్లు అంత ఎత్తున నిలిచి కింది పలకలు పాడైతే, ఆ చోట రంగుతో సరిపెట్టారు. ఎక్కడ పలక ఆగి ఎక్కడ రంగు మొదలైందో ఆ గీత మీద ఒక అమ్మాయి ఫోకస్ పెట్టి తీసింది. ఫోటోలో ఇంకేమీ లేదు. పైన మెరుపు, కింద మసక, మధ్యలో ఆ హద్దు. అంతకుముందు వంతెన మీద విన్న వరద కథ ఆ పిల్లకు అక్కడ గోడ మీద దొరికింది. నాకు ఈ ఫోటో అన్నిటికన్నా నచ్చింది.

చార్మినార్ దగ్గరి నాలుగు పెద్ద కమానుల్లో (చార్ కమాన్) ఒకటైన మఛ్లీ కమాను దగ్గర ఇంకో మంచి సంగతి జరిగింది. మా పిల్లల్లో ఒకరి నాన్నగారు తాపీ మేస్త్రీ. ఆ రోజు పని మానుకుని మాతో వచ్చారు. ఇంత పెద్ద కమాను కింద స్తంభం లేకుండా ఎలా నిలబడిందని పిల్లలడిగితే ఆయనే చెప్పారు: మొదట కింద సెంట్రింగ్ కట్టి, రెండు పక్కల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి రాయి బిగిస్తారు. అది బిగిశాక రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, బరువు పక్క గోడల్లోకి దిగిపోతుంది, అప్పుడు సెంట్రింగ్ తీసేయొచ్చు. ఫిజిక్స్ టీచర్ పక్కనే నిలబడి శ్రద్ధగా విన్నారు. డంగు సున్నం గురించి కూడా ఆ మేస్త్రీగారే చెప్పారు. మన గ్రానైట్ గట్టి రాయి, సన్నని పువ్వులు చెక్కడానికి లొంగదు. కాబట్టి కుతుబ్ షాహీల కాలపు పనివాళ్లు గోడ రాతితో కట్టి, నగిషీ అంతా సున్నపు గచ్చుతో చేశారు. చార్మినార్ మీది పువ్వులూ ఆకులూ అలా చేసినవే. ఆ మాట విన్నాక పిల్లలు ఆ నగిషీని చూసిన చూపే మారింది. ఆయనకు పాఠశాల తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

చార్మినార్ గురించి మీకు తెలిసిందే: 1591లో కట్టారు, నాలుగు దిక్కులకు నాలుగు కమానులు, గడియారాలు మాత్రం చాలా తర్వాత, 1889లో వచ్చాయి. ఫోటోల విషయంలో ఇక్కడే అందరికీ ఒకే తిప్పలు వచ్చింది. దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే మినార్లు లోపలికి వాలిపోయినట్టు పడతాయి. వెనక్కి నడిచి, ఫోన్‌ని నిటారుగా పట్టుకుని, స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు పెట్టుకుంటే మినారు నిలువుగా నిలబడుతుంది. చార్ కమాన్ దాకా వెనక్కి వెళ్లినవాళ్లకే బాగా వచ్చింది. పొద్దున ఎండ తూర్పు ముఖం మీద పడుతుంది, పడమట లాడ్‌బజార్ వైపు నీడ. అదే కట్టడాన్ని ఇటు నుంచి తీస్తే నగిషీ కనబడుతుంది, అటు నుంచి తీస్తే నల్లటి ఆకారం వస్తుంది. రెండూ పక్కపక్కనే పెట్టాం, చూడండి.

పిల్లలకు లాలా దీన్‌దయాళ్ గురించి కూడా చెప్పాం. ఆయన రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ప్రభుత్వ పనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి, తర్వాత కెమెరా పట్టి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు. బరువైన కెమెరా, గాజు పలకలు మోసుకెళ్లి తీసేవారు. కొలతలు గీసిన చెయ్యి కాబట్టే ఆయన కట్టడాల ఫోటోల్లో గీతలు అంత తిన్నగా ఉంటాయని నా నమ్మకం. అప్పట్లో పరదా పాటించే స్త్రీల కోసం ఆయన వేరే స్టూడియో పెట్టించారు. ఇది విని పిల్లలు మనుషుల ఫోటోల గురించి అడిగారు. మా నియమం ఇదీ: అడగకుండా ఎవరి ముఖమూ తీయకూడదు. గాజుల కొట్టాయనను "భాయ్, తీసుకోవచ్చా?" అని అడిగితే సరేనన్నారు, పైగా కొలిమి దగ్గర లక్కను మెత్తబరిచి గాజుగా వంచి చూపించారు. బురఖా వేసుకున్న ఒకామె వద్దన్నారు, మనవాడు సలాం చెప్పి పక్కకు జరిగాడు. రెండింటికీ నేను ఒకేలా సంతోషించాను. మక్కా మసీదులో నమాజు చేసేవాళ్ల వైపు ఎవరూ కెమెరా ఎత్తలేదు.

కొందరికి భద్రత గురించి టెన్షన్ ఉంది, అర్థం చేసుకోగలను. పిల్లల్ని చిన్న గుంపులుగా చేసి, ప్రతి గుంపుకీ ఒక టీచర్‌ని పెట్టాం. చార్మినార్ చుట్టూ వాహనాలు చాలావరకు ఆపేశారు కాబట్టి అక్కడ నడక తేలిక. మదీనా దగ్గర మాత్రం రోడ్డు దాటడం కష్టమే. వచ్చేసారి అక్కడ మనతో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు అదనంగా ఉంటే బాగుంటుంది. వీలున్నవాళ్లు ముందుకు రండి.

ఇక ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. ఫోన్ ఇవ్వాలా వద్దా అని రోజూ గొడవ పడే బదులు, ఆదివారం పొద్దున ఎండెక్కకముందే ఫోన్ వాళ్ల చేతికిచ్చి మీ వీధిలోనే నడవండి. చార్మినారే అక్కర్లేదు. మీ కాలనీలో ముందు కట్టిన ఇల్లేది, దాని కిటికీ చువ్వలు ఎలా ఉన్నాయి, వసారా ఎటు ఉంది, ఎందుకు అటే ఉంది? తాతయ్యనో నానమ్మనో వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది, ఆ స్థలంలో అంతకుముందు ఏముండేదో వాళ్లకు తెలుస్తుంది. అలా తీసిన ఫోటో ఒకటి, కింద రెండు వాక్యాల తెలుగు రాసి పంపిస్తే తర్వాతి సంచికలో వేస్తాం. ఏ తరగతి పిల్లలైనా పంపవచ్చు.

ఎనిమిదో తరగతి నడక వచ్చే నెలలో మొజంజాహీ మార్కెట్‌కి. 1935 నాటి రాతి కట్టడం, గడియారపు స్తంభం ఉంది, 2020లో బాగుచేశారు. టోపీ, మంచినీళ్ల సీసా, నడవడానికి వీలైన బూట్లు తప్పనిసరి. ఫోన్ లేని పిల్లలకు పాఠశాల కెమెరాలు ఇస్తాం, దీనికోసం దయచేసి కొత్త ఫోన్ కొనకండి. సంతకం చేసిన అనుమతి పత్రం శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కి పంపండి. మాతో రాగలిగే మేస్త్రీలు, వడ్రంగులు, ఇంజనీర్లు ఎవరున్నా ఆ పత్రం వెనక ఒక మాట రాయండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు